స్కాట్లాండ్ లింక్స్‌లో ఆడాలంటే: ఓల్డ్ కోర్సా, నార్త్ బెరికా, ప్రెస్ట్‌విక్కా?

స్కాట్లాండ్ వెళ్తున్నాం, ఒకటి రెండు రౌండ్ల గోల్ఫ్ ఆడే వీలుంది, సముద్రతీరపు పాత లింక్స్ కోర్సుల్లో దేన్ని ఎంచుకోవాలి? హైదరాబాద్‌లో ఆడేవాళ్లూ అడుగుతారు, లండన్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేస్తూ ఆట నేర్చుకున్న మనవాళ్లూ అడుగుతారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. డబ్బు కట్టి తేదీ ఖాయం చేసుకునే రౌండ్ ఎడిన్‌బరా దగ్గరి నార్త్ బెరిక్‌లో పెట్టుకోండి. సెయింట్ ఆండ్రూస్‌లో మూడు నాలుగు రాత్రులు ఉండగలిగితే అక్కడి ఓల్డ్ కోర్స్ డ్రాలో (ఎవరికి ఆడే వీలు దొరుకుతుందో తేల్చే లాటరీలో) రోజూ పేరు వేయండి. వస్తే ఆడండి, రాకపోతే దాని పక్కనే ఉన్న న్యూ కోర్స్ ఆడండి. అంతేగానీ ఓల్డ్ కోర్స్ దొరికితేనే ప్రయాణం అన్న పట్టుదలతో టికెట్లు కొనకండి.

ఇది అందరికీ సరిపోయే జవాబు కాదు. మీ హ్యాండిక్యాప్ (ఆటలో మీ స్థాయిని చెప్పే సంఖ్య, తక్కువైతే మెరుగు) ఎంత, వెంట ఎవరు వస్తున్నారు, ఎన్ని రోజులున్నాయి అన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే ఒక్కో చోటు ఎలా ఉంటుందో, అక్కడ ఆడే అవకాశం ఎలా దొరుకుతుందో చెప్తాను.

ముందుగా ఒక మాట. లింక్స్ అంటే సముద్రానికీ సాగుభూమికీ మధ్య మిగిలిన ఇసుక నేల. పంటకు పనికిరాదు, గొర్రెలు మేసేవి. కింద ఇసుక కావడంతో వాన వెలిసిన కాసేపటికే నేల ఆరి గట్టిపడుతుంది. గడ్డి సన్నగా, పొట్టిగా ఉంటుంది. చెట్లు దాదాపు ఉండవు, గాలికి అడ్డు ఉండదు. మన దగ్గర నీళ్లు పెట్టి పెంచిన మెత్తటి గ్రీన్ (జెండా, గుంట ఉండే చోటు) మీద బంతిని ఎత్తుగా కొట్టి దించితే అక్కడే ఆగుతుంది. లింక్స్‌లో అదే షాట్ కొడితే గాలి పక్కకు లాక్కుపోతుంది, లేదంటే బంతి నేలకు తగిలి గ్రీన్ దాటి పోతుంది. ఇక్కడ బంతిని కిందుగా కొట్టి, గ్రీన్‌కు ముందే పడేసి, దొర్లించాలి. గ్రీన్ బయట ఇరవై గజాల దూరంలో ఉన్నా పుట్టర్ (బంతిని దొర్లించే కర్ర) తీయడానికి సిగ్గుపడక్కర్లేదు, అక్కడివాళ్లూ అదే చేస్తారు. కాబట్టి ఏ కోర్సును ఎంచుకున్నా మొదటి రోజు స్కోరు గురించి బెంగ పెట్టుకోకండి.

ఓల్డ్ కోర్స్, సెయింట్ ఆండ్రూస్

ఇది ఏ క్లబ్బుదీ కాదు, ఊరి ఆస్తి. ఆ నేల మీద ఊరివాళ్లు గోల్ఫ్ ఆడుకునే హక్కును ఆర్చిబిషప్ హామిల్టన్ 1552లోనే పత్రం రాసి గుర్తించాడు. ఇప్పుడు 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ట్రస్టు నడుపుతోంది. పేరుమోసిన రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ భవనం మొదటి టీ (మొదటి షాట్ కొట్టే చోటు) వెనకే ఉన్నా, కోర్సు ఆ క్లబ్బుది కాదు. ప్రపంచంలో ఇంత చరిత్ర ఉన్న మైదానం మీద ఎవరైనా, ఏ సభ్యత్వమూ లేకుండా ఆడొచ్చన్నది నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన సంగతి. ఆదివారం ఆట ఉండదు, కోర్సు మొత్తం పార్కు అయిపోతుంది. కుక్కల్ని తిప్పేవాళ్లూ, పిల్లల్ని ఆడించేవాళ్లూ ఫెయిర్‌వేల (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి దారుల) మీద నడుస్తుంటారు. ఆ రోజు మీరూ వెళ్లి పద్దెనిమిదో హోల్ (టీ నుంచి గ్రీన్ దాకా సాగే ఆటలో ఒక భాగం, ఇదే చివరిది) దగ్గరి స్విల్కన్ బ్రిడ్జి దాటొచ్చు, పదిహేడో గ్రీన్ వెనకున్న రోడ్డును దగ్గర్నుంచి చూడొచ్చు, మూడు మీటర్ల లోతున్న హెల్ బంకర్ (ఇసుక గొయ్యి) అంచున నిలబడొచ్చు. పైసా ఖర్చు లేదు.

ఆడటానికి మాత్రం ఖర్చుంది. 2025 సీజన్‌లో ఒక్కొక్కరికి 340 పౌండ్లు. దాని కంటే పెద్ద సమస్య టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) దొరకడం. దారులు ముఖ్యంగా మూడు. ముందు ఏడాదే దరఖాస్తు పెట్టుకోవడం ఒకటి. ఏజెన్సీల ప్యాకేజీ కొనుక్కోవడం రెండోది, ఇది బాగా ఖరీదు. మూడోది రోజువారీ బ్యాలెట్, అంటే మొదట చెప్పిన డ్రా. ఆడదలచుకున్న రోజుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం రెండు గంటల్లోపు పేర్లు ఇవ్వాలి. కనీసం ఇద్దరుండాలి, నలుగురి దాకా ఒకే దరఖాస్తులో వేయొచ్చు. సోమవారం ఆడాలంటే శనివారమే వేసేయాలి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు వేరే డ్రా ఉంది. ఇదివరకు వీళ్లు చీకట్లో లేచి, కొందరైతే రాత్రంతా క్యూలో నిలబడి, ఇద్దరో ముగ్గురో ఉన్న గ్రూపులో ఖాళీ కోసం చూసేవారు. 2024 నుంచి ఆ బాధ తప్పింది. ముందురోజు ఉదయం తొమ్మిదికీ సాయంత్రం ఐదుకీ మధ్య స్వయంగా వెళ్లి పేరు నమోదు చేయించుకుంటే కంప్యూటర్ డ్రా తీస్తుంది. ఒక్కరే వెళ్తున్నారంటే నిరాశపడకండి, నలుగురున్న గ్రూపు కంటే ఒక్కరికి చోటు దొరకడం తేలిక.

హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా 36 దాటకూడదు. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే హ్యాండిక్యాప్ విధానంలోకి వచ్చింది కాబట్టి ఇండియా క్లబ్బు ఇచ్చినదైనా అమెరికాలో తీసుకున్నదైనా చెల్లుతుంది. ప్రింటు తీసుకుని పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి.

ఇక ఆట. మొదటి టీ దగ్గర అందరూ వణుకుతారు. వెనక క్లబ్ భవనం, పక్కన కంచె మీద చేతులు ఆన్చి చూస్తున్న జనం. కానీ ఎదురుగా ఉన్నది ఈ ఆటలోకెల్లా వెడల్పైన ఫెయిర్‌వేలలో ఒకటి, ఒకటో హోల్‌కూ పద్దెనిమిదో హోల్‌కూ కలిపి ఒకటే మైదానం. గ్రీన్‌కు ముందు స్విల్కన్ వాగు ఒక్కటే భయం. గ్రీన్లు కూడా చాలావరకు జంటగా వాడుకునేవే. ఏడు పెద్ద గ్రీన్ల మీద పద్నాలుగు హోల్స్ ఉంటాయి, ఒకే గ్రీన్ పంచుకునే రెండు హోల్స్ సంఖ్యలు కలిపితే ఎప్పుడూ పద్దెనిమిదే: రెండు పదహారు, మూడు పదిహేను, అలా. దాంతో గ్రీన్ చేరాక కూడా జెండాకు ముప్పై నలభై గజాల దూరంలో ఉండటం మామూలు. బంకర్లు 112 ఉన్నాయి, వాటిలో చాలా టీ దగ్గర్నుంచి కనపడవు. అనుమానం వస్తే ఎడమకు కొట్టమని అక్కడి క్యాడీలు (బ్యాగు మోస్తూ సలహా ఇచ్చేవాళ్లు) చెప్పే మాట నిజమే, ప్రమాదం ఎక్కువగా కుడివైపే ఉంటుంది. ఈ ఒక్క కోర్సులో మాత్రం క్యాడీ ఖర్చుకు వెనకాడొద్దు. చూపు ఆనినంత మేర ఒకేలా కనిపించే ఆ ఎత్తుపల్లాల్లో ఎటు కొట్టాలో చెప్పే మనిషి పక్కన లేకపోతే కోర్సు అసలు అర్థం కాదు.

చాలామంది మొదటిసారి ఆడి, ఇంతేనా అంటారు. వాళ్లను తప్పుపట్టను. ఓల్డ్ కోర్స్ కంటికి అందంగా ఉండదు, సముద్రం కూడా ఎక్కువసేపు కనపడదు. జెండా ఇవాళ ఎక్కడుంది, గాలి ఎటు వీస్తోంది అన్నదాన్ని బట్టి నిన్నటి మంచి దారి ఇవాళ చెడ్డదవుతుంది. ఆ సంగతి రెండోసారి ఆడితే గానీ తెలియదు. ఒక్కసారే ఆడే వీలున్నవాళ్లకు దీన్ని నేను మొదటి స్థానంలో పెట్టకపోవడానికి అసలు కారణం ఇదే.

సెయింట్ ఆండ్రూస్‌లో ఆరు వేరే కోర్సులు కూడా అదే ట్రస్టువి. అప్పటి పేరుమోసిన గోల్ఫర్ ఓల్డ్ టామ్ మోరిస్ 1895లో వేసిన న్యూ కోర్స్ పేరుకే కొత్తది, నేల ఒకటే, గాలి ఒకటే. హోల్స్ సూటిగా అర్థమవుతాయి, టీ టైమ్ దొరుకుతుంది, ఖర్చు తక్కువ. హ్యారీ కోల్ట్ 1914లో వేసిన ఈడెన్ ఇంకా సౌమ్యం. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకూ పిల్లలకూ తొమ్మిది హోల్స్ బాల్గోవ్ ఉంది.

నార్త్ బెరిక్, వెస్ట్ లింక్స్

ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్‌లో రైలెక్కితే అరగంట పైచిలుకులో ఈ ఊళ్లో దిగుతారు, స్టేషన్ నుంచి కోర్సుకు నడిచిపోవచ్చు. క్లబ్ 1832 నాటిది. రెండో హోల్ ఆడేటప్పుడు కుడివైపు బీచే, బంతి కాస్త వంకరపోతే ఇసుకలో తేలుతుంది. ఎటు తిరిగినా సముద్రం, దూరంగా బాస్ రాక్ దీవి. వేసవిలో వేలకొద్దీ గానెట్ పక్షులు అక్కడ గూళ్లు పెడతాయి, వాటి వల్ల ఆ రాయి తెల్లగా మెరుస్తుంటుంది.

పదమూడో హోల్‌లో గ్రీన్‌కు ముందు రాతిగోడ ఉంటుంది. అవును, పొలం గట్టున ఉండే గోడ లాంటి పొట్టి రాతిగోడ, ఫెయిర్‌వేకు అడ్డంగా. గ్రీన్ దాని అవతల గుంటలో. ఇప్పుడైతే ఏ డిజైనరూ అలా కట్టడు. ఆ గోడ ముందు నుంచీ ఉంది, ఆట దాని చుట్టూ పెరిగింది. బంతి గోడకు మరీ దగ్గరగా ఆగితే పక్కకో వెనక్కో కొట్టుకోవాలి, తర్వాత గోడ మీదుగా ఎత్తాలి.

పదిహేనో హోల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. పేరు రెడాన్, క్రిమియా యుద్ధం నాటి ఒక కోట బురుజు పేరు. సుమారు 190 గజాల పార్-3, అంటే మూడు షాట్లలో ముగించాల్సిన హోల్. గ్రీన్ కుడి ముందు నుంచి ఎడమ వెనక్కి వాలి ఉంటుంది, ఎడమవైపు ముందు లోతైన బంకర్ కాచుకుని ఉంటుంది. జెండా వైపు సూటిగా కొడితే ఆ బంకర్‌లోకి. దాన్ని దాటించాలని ఎత్తుగా కొడితే వాలు పట్టుకుని గ్రీన్ వెనక్కి. బంతిని జెండాకు బాగా కుడిగా, గ్రీన్ ముందు అంచు దగ్గర పడేస్తే, ఆ వాలే దాన్ని మెల్లగా ఎడమకు తిప్పి జెండా దగ్గరకు తీసుకెళ్తుంది. టీ మీద నిలబడితే గ్రీన్ ఉపరితలం సరిగా కనపడదు కాబట్టి ఇదంతా నమ్మి కొట్టాలి. నేల ఆకారాన్ని వాడుకుని ఆడటమంటే ఏమిటో ఈ ఒక్క హోల్ నేర్పుతుంది. అమెరికాలో కోర్సులు వేసే చార్లెస్ బ్లెయిర్ మెక్‌డొనాల్డ్ తన నేషనల్ గోల్ఫ్ లింక్స్‌లో దీని పోలికలోనే ఒక హోల్ కట్టాడు. ఆ తర్వాత ప్రపంచమంతా రెడాన్లు వెలిశాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మీరు ఆడిన ఏదో పార్-3కి మూలం ఇదే అయి ఉండొచ్చు.

చివరి హోల్‌కు కుడివైపు కార్లు వరసగా పార్క్ చేసి ఉంటాయి. స్లైస్ (కుడికి వంకరపోయే షాట్) కొట్టే అలవాటున్నవాళ్లు ఎడమకు గురిపెట్టండి.

నా మొదటి ఎంపిక ఇదే. ఇక్కడ డ్రాలు లేవు, ముందుగా బుక్ చేసుకుంటే టీ టైమ్ ఖాయం. మరీ పొడవైనది కాదు కాబట్టి 20, 25 హ్యాండిక్యాప్ వాళ్లూ ఆనందంగా ఆడతారు. మొదటిసారే అర్థమవుతుంది, సాయంత్రానికి ప్రతి హోల్ విడిగా గుర్తుంటుంది.

ప్రెస్ట్‌విక్

గోల్ఫ్‌లో పేరుమోసిన పోటీ, ఓపెన్ ఛాంపియన్‌షిప్, పుట్టింది ఇక్కడ. 1860 అక్టోబరు 17న ఎనిమిది మంది, పన్నెండు హోల్స్ కోర్సును మూడుసార్లు చుట్టి ఆడారు. 174 షాట్లతో విల్లీ పార్క్ గెలిచాడు. కోర్సు వేసింది ఓల్డ్ టామ్ మోరిస్, 1851లో సెయింట్ ఆండ్రూస్ నుంచి ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ల లోపే మళ్లీ సొంత ఊరికి వెళ్లిపోయాడు. మొత్తం 24 ఓపెన్లు జరిగాయి. 1925లో జనాన్ని అదుపు చేయలేక అవస్థ పడ్డాక మళ్లీ ఇక్కడ పెట్టలేదు.

గ్లాస్గో సెంట్రల్ నుంచి గంటలోపు రైలు. స్టేషన్ కోర్సు పక్కనే, ఎంత పక్కనంటే మొదటి హోల్‌కు కుడివైపు రైలుపట్టాలే హద్దు. ఐదో హోల్ పేరు హిమాలయాస్. రెండువందల గజాలకు పైబడిన పార్-3, మధ్యలో పెద్ద ఇసుకగుట్ట, గ్రీన్ అసలు కనపడదు. ఏ టీ నుంచి ఆడితే ఎటు గురి చూడాలో చెప్పడానికి గుట్ట మీద రంగు పలకలు పెట్టారు. కొట్టి, గుట్ట ఎక్కి చూస్తే గానీ బంతి ఎక్కడుందో తెలియదు. ఇలాంటి హోల్స్‌లో మీరు గ్రీన్ దిగాక వెనకవాళ్లకు తెలిసేలా గంట మోగించాలి. పదిహేడోది ఆల్ప్స్, ఇదీ అంతే, గుట్ట అవతల గ్రీన్, దాని ముందు సహారా అనే పెద్ద బంకర్.

కనపడని చోటికి కొట్టడం అన్యాయం అనుకునేవాళ్లు ఇక్కడికి రావొద్దు, ఆ డబ్బు వేరేచోట పెట్టండి. 1860 నాటి ఆట ఎలా ఉండేదో తెలుసుకోవాలని ఉన్నవాళ్లకు మాత్రం దీన్ని మించిన చోటు లేదు. ఇది సభ్యుల క్లబ్, సందర్శకులకు సమయాలు కేటాయిస్తారు, వాటిని ముందే చూసుకుని బుక్ చేసుకోవాలి. వేషధారణ నియమాలు కూడా చదివి వెళ్లండి.

మసల్‌బరా ఓల్డ్ లింక్స్

చేతిలో ఒక్క పూటే ఉందా? ఎడిన్‌బరా పక్కనే ఉన్న ఈ తొమ్మిది హోల్స్ కోర్సుకు వెళ్లండి. 1672లో ఇక్కడ ఆడినట్టు లెక్కల పుస్తకంలో రాసి ఉంది. 1874కూ 1889కీ మధ్య ఆరు ఓపెన్లు జరిగాయి. ఇప్పుడు చాలా హోల్స్ గుర్రప్పందాల ట్రాక్ మధ్యలో ఉంటాయి, తెల్ల రెయిలింగ్ మీదుగా కొట్టాల్సి వస్తుంది. పందేలున్న రోజు ఆట ఉండదు, ముందే చూసుకోండి. ప్రపంచమంతటా గోల్ఫ్ హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు ఉండటానికి మూలం ఇక్కడ 1829 నుంచి వాడిన హోల్ తవ్వే పనిముట్టు.

ఇక్కడ హికరీ చెక్కతో చేసిన పాతకాలపు క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) అద్దెకిస్తారు. వాటితోనే ఆడమని గట్టిగా చెప్తాను. మామూలు క్లబ్బులతో ఆడితే ఇది పొట్టి, చదునైన, సాదా కోర్సు. హికరీతో ఆడితే స్వింగ్ నెమ్మదించక తప్పదు, బంతి పోయేది తక్కువ దూరం, ఆ బంకర్లు ఎందుకు అక్కడున్నాయో ఒక్కసారిగా తెలుస్తుంది. ఫీజు మిగతా చోట్లతో పోలిస్తే చాలా తక్కువ.

మిగతావాటి గురించి క్లుప్తంగా. కార్నూస్టీ సందర్శకులకు తెరిచిన కోర్సే, రైలు కూడా వెళ్తుంది. కానీ కష్టం. 1999 ఓపెన్‌లో చివరి హోల్‌కు మూడు షాట్ల ఆధిక్యంతో వచ్చిన ఫ్రెంచ్ ఆటగాడు వాన్ డి వెల్డ్ అక్కడి బ్యారీ వాగు దగ్గర తడబడి ఆ హోల్‌కు ఏడు షాట్లు ఆడి టైటిల్ పోగొట్టుకున్నాడు. 12 లోపు హ్యాండిక్యాప్ ఉంటే వెళ్లండి, లేకపోతే అక్కడే ఉన్న బర్న్‌సైడ్ కోర్స్ ఆడండి. మ్యూర్‌ఫీల్డ్ క్లబ్ 1744లో మొట్టమొదటి గోల్ఫ్ నియమాలు రాసినవాళ్లది. సందర్శకులకు మంగళ, గురువారాలే. అక్కడ ఆడవాళ్లకు సభ్యత్వం 2019లో గానీ ఇవ్వలేదు, అది నేను మరచిపోలేను, అందుకే నా జాబితాలో కిందకు పోతుంది. రాయల్ డోర్నాక్‌లో 1616 నాటికే గోల్ఫ్ ఉన్నట్టు ఆధారం ఉంది. కోర్సు అద్భుతం, కానీ ఇన్వర్‌నెస్ దాటి ఇంకా పైకి పోవాలి. వారం పైన సమయం ఉండి, కారు నడపగలిగినవాళ్లకే.

మీకు ఏది?

కుటుంబంతో వెళ్తుంటే సెయింట్ ఆండ్రూస్‌లోనే మకాం పెట్టండి. గోల్ఫ్ ఆడనివాళ్లకు కూడా అక్కడ పొద్దు గడుస్తుంది. పాత కెథెడ్రల్ శిథిలాలు, 1413 నాటి విశ్వవిద్యాలయం, పొడవాటి వెస్ట్ శాండ్స్ బీచ్ అన్నీ నడక దూరంలోనే. ఓల్డ్ కోర్స్ పక్కన హిమాలయాస్ అనే పుటింగ్ మైదానం ఉంది, 1867లో మహిళలు పెట్టుకున్న క్లబ్బుది. కొద్ది పౌండ్లకే ఎవరైనా ఆడొచ్చు. పుట్టర్ ఎన్నడూ పట్టని అమ్మా అత్తయ్యా కూడా ఆ గుట్టల మీద నవ్వుతూ ఆడతారు. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు, ఎడిన్‌బరా నుంచి గంట ప్రయాణం చేసి లూకర్స్‌లో దిగి బస్సు ఎక్కాలి.

హ్యాండిక్యాప్ లేని కొత్తవాళ్లయితే ఓల్డ్ కోర్స్ మాట మరచిపోయి ఈడెన్, మసల్‌బరా ఆడండి, ఆదివారం ఓల్డ్ కోర్స్ మీద నడవండి. ఎడిన్‌బరాలో రెండు రోజులే ఉంటే నార్త్ బెరిక్ ఒకరోజు, మసల్‌బరా ఒకపూట. చరిత్ర పిచ్చి ఉండి గ్లాస్గోలో దిగుతుంటే ప్రెస్ట్‌విక్.

నెల విషయానికొస్తే మే నాకిష్టం. గోర్స్ ముళ్లపొదలు పసుపుపచ్చగా పూసి ఉంటాయి, జూలై ఆగస్టులంత రద్దీ ఉండదు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి సాయంత్రం ఐదు తర్వాత మొదలుపెట్టినా రౌండ్ పూర్తవుతుంది, చాలా చోట్ల ఆ వేళకు ఫీజు కూడా తగ్గుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఓల్డ్ కోర్స్‌లో గడ్డి దెబ్బతినకుండా ఫెయిర్‌వే మీద చిన్న చాప వేసి దాని మీద నుంచి కొట్టాలి. చవక అని ఆ నెలల్లో వెళ్లేవాళ్లు ఇది తెలిసి వెళ్లండి. బగ్గీలు (కోర్సులో తిరిగే చిన్న బండ్లు) చాలా చోట్ల ఆరోగ్య కారణం చూపిస్తేనే, మిగతావాళ్లంతా నడవాల్సిందే, కాబట్టి అలవాటు లేనివాళ్లు నెల ముందు నుంచీ నడక మొదలుపెట్టండి. క్లబ్బులు అక్కడ అద్దెకు దొరుకుతాయి, బూట్లూ వాన కోటూ మాత్రం మీవే తీసుకెళ్లండి. జూలైలో కూడా స్వెటర్ కావాలి.

2027 జూలైలో ఓపెన్ మళ్లీ సెయింట్ ఆండ్రూస్‌లో జరుగుతుంది. ఆ ఏడాది వేసవిలో వెళ్లాలనుకునేవాళ్లు ఓల్డ్ కోర్స్ మూసి ఉండే తేదీలు ట్రస్టు ప్రకటనలో చూసుకున్నాకే విమానం టికెట్లు కొనండి, బస కూడా చాలా ముందే చూసుకోండి. పోటీ చూడటానికి కాకుండా ఆడటానికే వెళ్తుంటే, ఆ నెలలో నార్త్ బెరిక్ వైపు మకాం పెట్టుకోవడం మేలు.